వలంటీర్ డ్యూటీకి డబ్బు కట్టకండి, నేను కట్టి మునిగాను

ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్‌కి వలంటీర్లు కావాలని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన చూశాను. రోజుకు 800 రూపాయలు, భోజనం, సర్టిఫికెట్, పైగా ఆటగాళ్లను దగ్గర నుంచి చూడొచ్చట. టీషర్టుకీ ఐడీ కార్డుకీ 1,499 డిపాజిట్ కట్టాలి, మ్యాచ్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తామన్నారు. అక్కడే అనుమానం రావాల్సింది, కానీ టికెట్ దొరక్క నెల రోజులుగా తిరుగుతున్నవాడిని కదా, కట్టేశాను.

రాత్రి ఏడున్నర మ్యాచ్‌కి మధ్యాహ్నం ఒంటిగంటకే రమ్మన్నారు. ఐడీ కార్డు లేదు, చేతికి ఒక కాగితం పట్టీ చుట్టి గేటు బయట ఎండలో నిలబెట్టారు. పవర్ బ్యాంకులు, హెల్మెట్లు, వాటర్ బాటిళ్లు లోపలికి తేకూడదని వచ్చినవాళ్లందరికీ చెప్పడం, వాళ్లతో తిట్లు తినడం, ఇదే నా పని. "హెల్మెట్ నీ నెత్తిన పెట్టిపోనా తమ్ముడూ" అన్నాడొకాయన, పాపం బండి ఎక్కడో దూరాన పెట్టి నడిచొచ్చాడు. మ్యాచ్ మాత్రం చెవులతోనే చూశాను. లోపల జనం అరిచినప్పుడల్లా ఫోరా, సిక్సా, వికెట్టా అని ఫోన్ తీసి చూసుకోవడమే. సాయంత్రం ఒక పులిహోర పొట్లం, అంతే. అర్ధరాత్రి దాకా కూర్చోడానికి కుర్చీ కూడా లేదు.

గేటు దగ్గర నిలబెట్టడం మోసం అనను. అసలైన వలంటీర్లలో చాలామందికి పడే డ్యూటీ కూడా అదే. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో దాదాపు 45 వేల మంది జీతం లేకుండా పనిచేశారు, ఉండటానికి గది కూడా వాళ్లే వెతుక్కున్నారు. కానీ యూనిఫాం, డ్యూటీలో తిండి నిర్వాహకులే ఇచ్చారు, ఎవరి దగ్గరా డిపాజిట్ గుంజలేదు.

నా డిపాజిట్ అడిగితే టీషర్టు మాసిపోయిందన్నారు. పదకొండు గంటలు చెమటలో నిలబడితే మాయదా మరి? 800 నెల తర్వాత వేస్తారట, సర్టిఫికెట్‌కి ఇంకో 300 కట్టాలట. గట్టిగా అడిగేసరికి నంబర్ బ్లాక్ చేశారు.

ఇలాంటి మెసేజ్ వస్తే గుర్తింపు కార్డు ఎవరి పేరు మీద ఇస్తారు, డ్యూటీ లోపలా బయటా, ఎన్ని గంటలు అని రాతలో అడగండి. యూపీఐలో సంస్థ పేరు కాకుండా ఎవరిదో సొంత పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నాలాగా మూడు వారాలు ఆగకండి. స్క్రీన్‌షాట్లు మాత్రం డిలీట్ చేయొద్దు, నన్ను మొదట అడిగినవి అవే.