ఆరు పేజీల లెసన్ ప్లానా, ఒక్క పేజీయా: క్లాసు సాఫీగా నడవడానికి ఏది మేలు?

బీఈడీ చేస్తున్నవాళ్ళు ఇద్దరు కలిస్తే మాటలు తిరిగి తిరిగి రెండు విషయాల దగ్గరికే వస్తాయి. ప్లాన్ ఎంత రాయాలి? క్లాసుని ఎలా అదుపులో పెట్టాలి? కాలేజీలో ఈ రెండింటినీ వేరువేరు పేపర్లుగా చదువుతాం. బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక స్కూల్లో ఏడో తరగతికి సైన్స్ చెబుతూ, ఖాళీ పీరియడ్లలో సీనియర్ల క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని చూస్తూ ఉంటే నాకు ఇవి రెండూ ఒకటే ప్రశ్న అనిపిస్తోంది. గొడవ మొదలయ్యే నిమిషం ఏదో గమనించండి. దాదాపు ప్రతిసారీ అది ప్లాన్‌లో ఏమీ రాయని నిమిషమే అయివుంటుంది.

టీచర్ల చదువుల్ని పర్యవేక్షించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో బీఈడీ రెండేళ్ళ కోర్సయింది. అందులో స్కూల్లో గడపాల్సింది 20 వారాలు, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. అన్ని వారాలు రోజూ ఆరేసి పేజీలు రాయడం మామూలు పని కాదు. కాబట్టి ఎవరికి ఏది పనికొస్తుందో తేల్చుకోవడం అవసరమే.

పెద్ద ప్లాన్ ఇచ్చేది, ఇవ్వనిది

రికార్డులో, అంటే కాలేజీకి చూపించాల్సిన ప్లాన్ల పుస్తకంలో, రాసే పెద్ద ప్లాన్ మనకు రెండు అచ్చుల్లో దొరుకుతుంది. పాతది హెర్బార్ట్ పేరు మీద నడిచేది. ఆయన 1841లో చనిపోయిన జర్మన్ తత్వవేత్త. ఆయన ఆలోచనల్ని తరవాతివాళ్ళు సన్నాహం, సమర్పణ, పోలిక, సామాన్యీకరణ, వినియోగం అనే ఐదు మెట్లుగా కుదిర్చారు. రెండోది ఫైవ్ ఈ నమూనా, ఇంగ్లిష్‌లో 'ఈ' అక్షరంతో మొదలయ్యే ఐదు దశలు. 1980ల్లో అమెరికాలో బీఎస్‌సీఎస్ అనే సైన్స్ పాఠ్యప్రణాళికల సంస్థ దీన్ని తయారుచేసింది. ముందు ఆసక్తి రేపాలి, తరవాత పిల్లలే చేసి చూడాలి, ఆ పైన వివరణ, విస్తరణ, మూల్యాంకనం. మొదటి పద్ధతిలో టీచరు చెప్పాక పిల్లలు వాడి చూస్తారు. రెండోదాంట్లో పిల్లలు చేసి చూశాకే టీచరు వివరిస్తుంది. సైన్సుకి నా ఓటు రెండోదానికే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

ఆమ్లాలు, క్షారాల పాఠమే తీసుకోండి. ఫైవ్ ఈ ప్రకారం రాయబట్టి మొదటి ప్రశ్న కోసం బుర్ర పెట్టి వెతకాల్సి వచ్చింది. పుస్తకంలో నేరుగా రుచులతో మొదలవుతుంది, నిమ్మకాయ పులుపు అంటూ. అది ఏడో తరగతి పిల్లల్ని కదిలించదు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు గుర్తొచ్చాయి. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. తెలుగిళ్ళలో పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి ఇదే పద్ధతిలో తయారవుతుంది, కన్నడవాళ్ళ ఇళ్ళలో హారతికి వాడే ఓకుళీ అంతే, తమిళ ఇళ్ళలో కూడా గుమ్మం దగ్గర పళ్ళెంలో ఇవే నీళ్ళు. మా క్లాసులో ఈ మూడు భాషల పిల్లలూ ఉన్నారు. "పసుపేమో పచ్చన, సున్నమేమో తెల్లన. రెండూ కలిస్తే ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగితే క్లాసంతా ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. అందరూ చూసిందే, ఎవరూ ఆలోచించనిదే. పెద్ద ప్లాన్ రాయడం వల్ల వచ్చే అసలు లాభం ఇది. కూర్చుని రాస్తే తప్ప ఇలాంటి ప్రశ్న తట్టదు.

ఇక అది ఇవ్వనిది. రికార్డులో టీచరు చేసే పనికి ఒక గడి, విద్యార్థి చేసే పనికి ఒక గడి ఉంటాయి. రెండో గడిలో మనమంతా రాసేది ఒకటే, "విద్యార్థులు శ్రద్ధగా వింటారు", "విద్యార్థులు జవాబు చెబుతారు". ఎవరు వింటారు, వినకపోతే ఏంటి, ఒక పని ముగించి ఇంకో పనిలోకి వెళ్ళే మధ్యలో ఏం జరుగుతుంది, వీటికి గడి లేదు.

పసుపు పట్టీలు పంచడం

ఈ ఖాళీ ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఒకే పాఠాన్ని రెండు సెక్షన్లలో కావాలనే రెండు రకాలుగా నడిపాను. వడపోత కాగితానికి పసుపు ముద్ద పూసి ఆరబెట్టి పట్టీలుగా కత్తిరించాలి. వాటిని నిమ్మరసంలో, సబ్బునీళ్ళలో, వంటసోడా నీళ్ళలో ముంచి రంగు చూడాలి. ఆమ్లంలో పట్టీ పచ్చగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. రెండు సెక్షన్లకూ రికార్డులో ఉన్న వాక్యం ఒక్కటే, "టీచరు పట్టీలు పంచుతుంది".

'ఏ' సెక్షన్లో (7-ఎ) ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు పాటించాను. ముందు బెంచీ నుంచి ఒక్కొక్కరికీ ఇస్తూ వెళ్ళాను. మూడో బెంచీకి చేరేసరికి మొదటి బెంచీవాళ్ళు ముంచడం, చూడడం, రాయడం అన్నీ ముగించేశారు. వాళ్ళ చేతులు ఖాళీ. సబ్బునీళ్ళు పక్కవాడి చొక్కా మీదికి వెళ్ళాయి. వెనక నుంచి "మిస్, నంగె సిగ్లిల్ల" అనీ, "మిస్, మాకు రాలేదు" అనీ కేకలు. ముందువాళ్ళకు పని అయిపోయింది, వెనకవాళ్ళకు పని మొదలవలేదు. అల్లరి చేసినవాళ్ళు అల్లరి పిల్లలేం కాదు, చాలా బుద్ధిమంతులు కూడా అందులో ఉన్నారు.

'బీ' సెక్షన్లో బెంచీకి ఒక కవరు చొప్పున ముందురోజు రాత్రే సర్ది పెట్టాను. బెంచీ చివర కూర్చున్నవాళ్ళే వచ్చి కవరు తీసుకోవాలి. వాళ్ళు వచ్చి వెళ్ళే లోపు మిగతావాళ్ళు నోట్సులో పట్టిక గీసి, ఏ పట్టీ ఏ రంగు అవుతుందో తమ ఊహ రాసుకోవాలి. అందరి చేతికీ వచ్చాకే ముంచడం. త్వరగా ముగించినవాళ్ళ కోసం బోర్డు మీద ఒక ప్రశ్న సిద్ధంగా ఉంది. చొక్కా మీది పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడుతుంది, నీళ్ళతో బాగా కడిగితే మళ్ళీ పచ్చబడుతుంది, ఎందుకు? ఊహ రాసుకున్నవాళ్ళకు రంగు మీద ఎంత ఆత్రం ఉంటుందో చూడాల్సిందే. గోల ఈ సెక్షన్లోనూ ఉంది, కానీ అదంతా పట్టీల గురించే.

దీనికి అయ్యే ఖర్చు మన శ్రమే. కవర్లు సర్దడానికి రాత్రి చాలాసేపు పట్టింది. అయినా నాకు ఇది ఆరు పేజీల్లోని ఏ మూడు పేజీలకన్నా విలువైన పని అనిపించింది.

ఒక్క పేజీ ఎవరికి సరిపోతుంది

మా స్కూల్లో ఒక సీనియర్ మేడమ్ డైరీలో పాఠానికి నాలుగైదు లైన్లకు మించి ఉండవు. ఆమె క్లాసులో పిల్లలు పాఠంలోనే ఉంటారు. అది చూసి మనమూ నాలుగు లైన్లతో వెళ్ళొచ్చని అనుకుంటే పొరపాటు. ఆ నాలుగు లైన్ల వెనక ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాలున్నాయి. ఏ ప్రశ్నకు పిల్లలు తప్పు జవాబు చెబుతారో, ఏ మాట దగ్గర తడబడతారో ఆమెకు ముందే తెలుసు. అది కాగితం మీద లేదు, ఆమెలో ఉంది.

అయితే చిన్న ప్లాన్‌కు పెద్ద ప్లాన్‌లో లేని ఒక సుగుణం ఉంది. టీచరు తల ఎత్తి పిల్లల మొహాలు చూస్తుంది. ఆరు పేజీలు రాసుకున్న ట్రైనీ ఎక్కడ ఏ వాక్యం మర్చిపోతానో అన్న టెన్షన్‌తో కాగితం వైపే చూస్తుంటుంది. సూపర్‌వైజర్ వెనక కూర్చుంటే ఇంకా ఎక్కువ. ప్రశ్న వేసి జవాబు కోసం ఆగడం కూడా కుదరదు. 1970ల్లో అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపించింది ఇదే. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు, అంతకు పైన ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మాట్లాడేవాళ్ళూ పెరుగుతారు. మన బెంగళూరు క్లాసుల్లో ఈ మూడు సెకన్లు మరీ అవసరం. ఇంగ్లిష్‌లో విన్న ప్రశ్నను తెలుగులోనో కన్నడలోనో ఆలోచించుకుని మళ్ళీ ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవాలి కదా ఆ పిల్ల. నేనైతే ముందు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పమంటాను. హొసకోటె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఎర్రనీళ్ళ గురించి తెలుగులో గడగడా చెప్పింది. అంతకుముందు ఆ అమ్మాయి గొంతు నేను విననేలేదు.

గొంతు పెంచడమా, పద్ధతి నేర్పడమా

స్టాఫ్ రూములో ట్రైనీలకు దొరికే మొదటి సలహా "మొదటి వారం నవ్వకండి". గట్టి గొంతు ఉన్న ఒక సార్ క్లాసు నిజంగానే నిశ్శబ్దంగా ఉంటుంది. ఆయన బయటికెళ్ళిన నిమిషంలో ఆ నిశ్శబ్దం పోతుంది. కొట్టడం మాట ఎత్తాల్సిన పనే లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెంచీ ఎక్కించి నిలబెట్టి నలుగురిలో అవమానించడం కూడా తప్పేనని నా గట్టి నమ్మకం.

జేకబ్ కౌనిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త క్లాసుల్ని వీడియో తీయించి పరిశీలించి, 1970లో తన ఫలితాలు ప్రకటించాడు. అల్లరి జరిగాక టీచరు దాన్ని ఎలా మందలించింది అన్నదానికీ, క్లాసు ఎంత బాగా నడుస్తోంది అన్నదానికీ ఆయనకు పెద్ద సంబంధం కనిపించలేదు. తేడా అంతా ముందు జాగ్రత్తలో ఉంది. టీచరుకు వీపున కూడా కళ్ళున్నాయని పిల్లలకు అనిపించాలి. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి తడబడకుండా మారాలి. నాకు ఆ పసుపు పట్టీల క్లాసుల్లో కనబడింది కూడా ఇదే.

పిల్లల్ని తిరిగి మనవైపు తిప్పుకోవడానికి "సైలెన్స్" అని అరవడం, చప్పట్లు, చెయ్యెత్తి నిలబడడం, ఈ మూడింట్లో చెయ్యెత్తడమే మేలు. అరుపు రోజు రోజుకీ పెంచాల్సి వస్తుంది, చప్పట్లు ఆటగా మారతాయి. చెయ్యెత్తడం మొదట్లో నెమ్మదిగా పనిచేస్తుంది. ఎత్తాక మాట్లాడకుండా ఆగగలిగితేనే పనిచేస్తుంది.

వరుసలా, గుంపులా

గుంపులుగా కూర్చోబెడితే క్లాసు చేయి దాటిపోతుందన్న భయం చాలామందికి ఉంది. కర్ణాటక ప్రభుత్వ స్కూళ్ళలో ఒకటి నుంచి మూడో తరగతి వరకు నడిచే నలి-కలి అనే బోధన పద్ధతిని చూస్తే ఆ భయం కొంత పోతుంది. అది 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో మొదలైంది. దానికి స్ఫూర్తి మా మదనపల్లె పక్కనున్న రిషీ వ్యాలీ పల్లె బడులు. పిల్లలు గుంపులుగా కూర్చుని, ఎవరి మెట్టుకు తగ్గ కార్డు వాళ్ళు తీసుకుని పని చేసుకుంటారు. కార్డు ఎక్కడుందో, అది అయ్యాక ఏ గుంపులోకి వెళ్ళాలో పిల్లలకు తెలుసు. అందుకే నడుస్తుంది.

మా ఏడో తరగతి గది వేరు. చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరు ఉండాలి, మా గదిలో అంతకన్నా చాలామందే ఉన్నారు, బెంచీలు కదలవు. అక్కడ పీరియడంతా గుంపులు పెట్టమని నేను చెప్పను. ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగి పది నిమిషాలు కలిసి పని చేస్తే చాలు, మిగతా సమయం వరుసలే మేలు.

నా ఎంపిక

మొదటి నెల ట్రైనీకి ఒక్క పేజీ చాలదు, పెద్ద ప్లాన్ కావాలి. కానీ దాన్ని క్లాసులోకి తీసుకెళ్ళకూడదు. యూనిట్ మొత్తానికి పెద్ద ప్లాన్ ఆదివారం రాసుకుని, ప్రతి పీరియడ్‌కూ దాంట్లోంచి ఒక పేజీ తీయడం నాకు బాగా కుదిరింది. ఆ పేజీ మీద పాఠం సారాంశం ఉండదు, అది ఎలాగూ మనకు వచ్చు. అడగబోయే ప్రశ్నలు మాటకు మాట ఉంటాయి, పని మారే ప్రతి చోటా ఎవరు లేస్తారు, ఎవరు కూర్చుని ఏం రాస్తారు అన్నది ఉంటుంది, ముందే ముగించినవాళ్ళకు ఒక ప్రశ్న ఉంటుంది. ఐదు నిమిషాలు మిగిలితే ఏం చేయాలి, ఐదు నిమిషాలు తగ్గితే ఏది వదిలేయాలి అన్నది అడుగున.

రికార్డుకు ఆరు పేజీలు ఎలాగూ తప్పవు. మా సూపర్‌వైజర్ మేడమ్‌ని అడిగితే ఈ ఒక్క పేజీని రికార్డుకు పిన్ను పెట్టడానికి ఒప్పుకున్నారు, క్లాసు చూసేటప్పుడు ఇప్పుడు దాన్నే చేతిలో పట్టుకుంటున్నారు. మీ కాలేజీలోనూ ఒకసారి అడిగి చూడండి.