నాలుగు నిమిషాలు కలిసొస్తాయంటుంది: బెజవాడ దాటడానికి ఫోన్ మ్యాప్ వాడిన అనుభవం

మాది గుంటూరు, అత్తగారి ఊరు నూజివీడు, మధ్యలో బెజవాడ. కొన్నేళ్లుగా ఈ దారిలో కారు నేనే నడుపుతున్నాను. స్టీరింగ్ పక్కన ఫోన్‌లో మ్యాప్ నడుస్తూనే ఉంటుంది. ఏ మ్యాపో పేరెందుకు లెండి. ఎలా పెట్టుకోవాలో, గొంతు తెలుగులోకి ఎలా మార్చుకోవాలో కూడా చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నా గొడవంతా ఒక్కదాని మీదే: సగం దారిలో దారి మార్చేయడం.

తెర మీద చిన్న పెట్టె వస్తుంది. ఇంకో దారి ఉంది, నాలుగు నిమిషాలు కలిసొస్తాయి అంటుంది. వద్దనుకుంటే మనం నొక్కాలి. నొక్కకపోతే దానంతటదే మార్చేస్తుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, దీని లెక్కలో పూర్తి అంగీకారమే. ముందు లారీ, వెనక ఆర్టీసీ బస్సు, ఎడమపక్క నుంచి దూరే బైకులు. ఆ సమయంలో ఎవడు నొక్కుతాడు?

ఆ రోజు నూజివీడు నుంచి సాయంత్రం తిరుగు ప్రయాణం. డిసెంబరు నెల. వెనక సీట్లో మా అమ్మ, మా ఆవిడ. ఆగిరిపల్లి, నున్న దాటి ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా రామవరప్పాడు రింగు దాకా హాయిగా వచ్చాం. అక్కడి నుంచి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కి, కృష్ణ మీదున్న కనకదుర్గ వారధి దాటితే తాడేపల్లి, మంగళగిరి, ఇక ఇల్లు చేరినట్టే. మ్యాపేమో ఫ్లైఓవర్ ఎర్రగా ఉందని చూపించి కుడికి తిప్పమంది. గుణదల, మాచవరం, చుట్టుగుంట మీదుగా ఊళ్లోకి దింపి, కెనాల్ రోడ్డులోంచి ప్రకాశం బ్యారేజీ ఎక్కించి ఉండవల్లి వైపు దాటిస్తుందట. కెనాల్ రోడ్డు తెర మీద ఎంత ఖాళీగా కనిపించిందంటే, పొద్దున్నే పాలవాడు తప్ప ఎవరూ తిరగని వీధిలా ఉంది.

పోలీస్ కంట్రోల్ రూమ్ దగ్గరికి వచ్చేసరికి బారికేడ్లు. వాటి అవతల ఎటు చూసినా ఎర్రబట్టలు, తలల మీద ఇరుముడులు. కనకదుర్గమ్మ భక్తులు భవానీ దీక్షలు విరమించే రోజులవి. వినాయకుడి గుడి దగ్గర నుంచి అమ్మవారి కొండకి క్యూలైన్లు కట్టారు, కెనాల్ రోడ్డు మొత్తం నడిచేవాళ్లదే. కానిస్టేబుల్ కారు అద్దం మీద తట్టి, "ఎక్కడికండీ? బ్యారేజీకి వదలట్లేదు, బస్టాండు మీదుగా పోండి" అన్నాడు. ఫోన్ మాత్రం "నేరుగా వెళ్లండి" అంటూనే ఉంది.

నా అనుమానం ఇది: ఈ మ్యాపులు రోడ్డు మీద కదిలే ఫోన్ల వేగం చూసి రంగు వేస్తాయి. పోలీసులు బళ్లు ఆపేసిన రోడ్డులో కదిలే బండే ఉండదు. బండి లేదు కాబట్టి రద్దీ లేదనుకుంటుంది. మనిషిని అడిగితే ఒక్క మాటలో చెప్పే సంగతి ఇది. అయినా 1957 నాటి ఆ బ్యారేజీని కాలవలకు నీళ్లు మళ్లించడానికి కట్టారు. పైనున్న సన్నటి రోడ్డు మామూలు రోజుల్లోనే పెద్ద బళ్లను ఎక్కనివ్వదు. హైవేకి బదులుగా దాన్ని చూపించడమే నాకు నచ్చదు.

ఇక బస్టాండు ముందు. భవానీలను దించే ప్రత్యేక బస్సులు, ఆటోలు, వాటి మధ్యలో మేము. కృష్ణలంక మీదుగా వారధి ఎక్కేసరికి గంటన్నర పైనే పట్టింది. మా అమ్మకి షుగర్, ఎక్కువసేపు ఆపుకోలేదు. హైవే మీదైతే ఏదో ఒక పెట్రోల్ బంకులో ఆపేవాణ్ణి. అక్కడ కారు పక్కకి తీసే సందే లేదు. చివరికి మా ఆవిడ ఆవిణ్ణి దింపి, చెయ్యి పట్టుకుని బస్టాండులోకి నడిపించి తీసుకొచ్చింది. వాళ్లు వచ్చేదాకా కారు కదిలింది నాలుగు గజాలు. ఆ నాలుగు నిమిషాల మీద నాకింకా కోపం పోలేదు.

అలాగని మ్యాప్‌ని తీసి పారేయలేదు. ఏలూరు రోడ్డు తప్ప ఇంకోటి ఎరగని నాకు ఇన్నర్ రింగ్ చూపించింది ఇదే. అప్పట్లో బంధువులందరికీ చెప్పుకు తిరిగాను కూడా. ఇప్పుడైతే ఏప్రిల్ వచ్చాక చెప్పను. నున్న మామిడి మార్కెట్‌కి కాయలు దిగడం మొదలయ్యాక ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పక్కన బారులు తీరతాయి, ఆ రోజుల్లో ఇది చెప్పే సమయానికి ఇంకొంత కలుపుకోవాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ మీద ఉన్నామో కింద సర్వీసు రోడ్డులో ఉన్నామో దానికి తెలిసేది కాదు, పైన పోతుంటే ఎడమకి తిరగమనేది. ఈమధ్య ఆ గోల కాస్త తగ్గింది.

చినకాకాని నుంచి గొల్లపూడి మీదుగా చిన అవుటపల్లి దాకా వేసిన పడమటి బైపాస్ విషయంలో మాత్రం మ్యాప్ గీతని నమ్మి బయల్దేరను. కొత్త రోడ్డులో ఏ రోజు ఏ వైపు వదులుతున్నారో ఆ దారిన తిరిగే లారీ డ్రైవర్లకే బాగా తెలుసు. టీకొట్టు దగ్గర ఒక ప్రశ్న వేస్తే చాలు.

ఇప్పుడు నేను చేసేది ఒకటే. బయల్దేరే ముందే వారధిని మధ్యలో స్టాప్‌గా పెడతాను. ఇక బ్యారేజీ వైపు లాగాలన్నా వారధి తాకి తీరాలి కాబట్టి లాగదు. ఫ్లైఓవర్ ఎర్రగా ఉన్నా దాని మీదే నిదానంగా పోతాను. పది నిమిషాలు ఆలస్యమైనా కారు కదులుతూ ఉంటుంది.

ఇదంతా వెనక సీట్లో పెద్దవాళ్లతో గుంటూరు వైపు పోయే నా బోటి వాడి లెక్క. బైకు మీద ఒక్కడే తిరిగే మా తమ్ముడికి ఆ సందులే ఇష్టం, వాడు దీనికి ఐదుకి ఐదు ఇస్తాడు. హైదరాబాద్ వైపు వెళ్లేవాళ్లకి 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ ఉంది, వాళ్ల బాధలు వేరు. నా వరకు ఐదుకి మూడు. డిసెంబరులో అడిగితే రెండే.