వెనిస్ వెళ్లాలా, మానుకోవాలా: రెండు ప్రయాణాల తరువాత నా అభిప్రాయం

బాపట్లలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి, పిల్లల వేసవి సెలవుల్లో కుటుంబంతో ఇటలీ యాత్రకు ఏర్పాట్లు చేసుకుంటూ, వెనిస్‌ను ప్రయాణంలో ఉంచాలా తీసివేయాలా అని నన్ను అడిగారు. అక్కడి రద్దీ గురించీ, ఊళ్లోకి అడుగుపెట్టడానికే రుసుము వసూలు చేయడం గురించీ ఆయన వార్తల్లో చదివారు. అదే నగరాన్ని నేను రెండుసార్లు, రెండు భిన్నమైన పద్ధతుల్లో చూశాను కాబట్టి, ఆయనకు చెప్పినదాన్నే మరికొంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి 2022 జూలైలో ఒక ప్యాకేజీ యాత్రలో భాగంగా వెళ్లాము. బస్సు దిగి, పడవ ఎక్కి, సాన్ మార్కో చౌకు దగ్గర దిగేసరికి పదకొండు గంటలయింది. మాకిచ్చిన నాలుగు గంటల్లో దాదాపు గంటసేపు గాజు వస్తువుల దుకాణంలోనే గడిచిపోయింది. అక్కడి నుంచి రియాల్తో వంతెన వరకూ ఉన్న ఇరుకు సందుల్లో నడవడం కాదు, వెనకవాళ్లు నెడుతుంటే ముందుకు జరగడమే. డ్యూక్ ప్రాసాదాన్ని గానీ, చౌకులోని పెద్ద చర్చి అయిన సాన్ మార్కో బసిలికాను గానీ లోపల చూడకుండానే తిరుగుముఖం పట్టాము. ఇక ఈ ఊరికి రానవసరం లేదని ఆ రోజు నేను నిశ్చయించుకున్నాను. మా అమ్మాయి పాదువా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ.లో చేరి ఉండకపోతే ఆ నిశ్చయం అలాగే ఉండిపోయేది. పాదువా నుంచి వెనిస్‌కు రైలులో అరగంట ప్రయాణం. 2024 నవంబరులో నేను, మా శ్రీమతి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ అమ్మాయిని చూడడానికి వెళ్లినప్పుడు, నలుగురమూ కలిసి వెనిస్ దీవి మీదే మూడు రాత్రులు ఉన్నాము.

ఈ రెండో ప్రయాణానికి ముందు నన్ను బాధించిన ప్రశ్న రద్దీ ఒక్కటే కాదు; మనం వెళ్లడమే ఆ ఊరికి హాని చేస్తున్నదా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 1951లో సుమారు 1,75,000 మంది నివసించిన చారిత్రక వెనిస్‌లో 2022 నాటికి జనాభా 50,000 కన్నా తగ్గిపోయింది. 2023లో అక్కడ పర్యాటకుల కోసం ఉన్న పడకల సంఖ్య నివాసుల సంఖ్యను దాటింది. రియాల్తోకు దగ్గరలోని సాన్ బర్తొలోమియో చౌకులో ఒక మందుల దుకాణం కిటికీలో, ఊళ్లో మిగిలిన నివాసుల సంఖ్యను చూపే ఎలక్ట్రానిక్ పలక 2008 నుంచి ఉన్నది. దాని ముందు నిలబడినప్పుడు, తాళాలు పడిన ఇళ్లతో ఖాళీ అవుతున్న మన పల్లెలు నాకు గుర్తుకొచ్చాయి. అయితే మన పల్లెల్లో ఇళ్లు మూతపడుతున్నాయి. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల ఉన్నవాళ్లు మాత్రం మూడు రోజులకొకసారి మారిపోతుంటారు.

ఇటలీ ప్రభుత్వమూ, నగర పాలక సంస్థా కొన్ని చర్యలు తీసుకున్నాయి. 2021 ఆగస్టు నుంచి పెద్ద విహార నౌకలు జ్యుదెక్కా కాలువ గుండా సాన్ మార్కో ముందుకు రావడాన్ని ఇటలీ ప్రభుత్వం నిషేధించింది. 2024 నుంచి గైడు వెంట నడిచే బృందంలో 25 మందికి మించి ఉండకూడదు, లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఉదయం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారి మీద ప్రవేశ రుసుమును 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు. ఆ ఏడాది 29 రోజులకు 5 యూరోల చొప్పున వసూలు చేయగా, 2025లో దాన్ని 54 రోజులకు పెంచి, ఆలస్యంగా నమోదు చేసుకున్నవారికి 10 యూరోలు చేశారు. ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య వచ్చేవారికే ఇది వర్తిస్తుంది. రాత్రి బస చేసేవారికి మినహాయింపు ఉంది గానీ, ఆ మినహాయింపును కూడా ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. వారు బసతోపాటు వేరే పర్యాటక పన్ను చెల్లిస్తారు. 5 యూరోలకు భయపడి ఆగిపోయే పర్యాటకుడు ఉంటాడని నేను అనుకోను. కానీ ఎవరి వల్ల ఊరికి భారమో ఈ రుసుము స్పష్టంగా చెబుతున్నది, దానితో నేను ఏకీభవిస్తాను.

బస విషయంలో మా ముందు మూడు దారులు ఉండేవి. పాదువాలో అమ్మాయి దగ్గరే ఉండి రోజూ వెళ్లిరావడం మొదటిది. ప్రధాన భూభాగం మీది మెస్త్రేలో గది తీసుకోవడం రెండోది. అక్కడి నుంచి రైలులో పది నిమిషాల్లో దీవికి చేరవచ్చు, గదుల ధరలు కూడా తక్కువ. మూడోది దీవి మీదే ఉండడం. ఖర్చు చూసుకుంటే మెస్త్రేయే సరైనది. కానీ అక్కడ ఉండేవారు తక్కిన జనంతోపాటే వచ్చి వారితోపాటే వెళ్లిపోతారు, అంటే వెనిస్ వెనిస్‌లా ఉండే తెల్లవారుజామూ, రాత్రీ వారికి దక్కవు. అందుకని నగరం ఉత్తర భాగమైన కన్నరేజియోలో, మదోన్నా దెల్ ఓర్తో పడవ స్టాపుకు దగ్గరలో, చిన్న అతిథి గృహం చూసుకున్నాము. ఎవరో నివసించవలసిన ఇంటిని అద్దెకు తీసుకోవడం ఇష్టం లేక అపార్ట్‌మెంట్ల వైపు వెళ్లలేదు. గది శుభ్రంగా ఉంది, ఉదయం ఫలహారం బాగుంది. అయితే భవనానికి లిఫ్టు లేదనీ, మా గది మూడో అంతస్తులో ఉందనీ వారు ముందుగా చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోజుకు రెండుసార్లు ఆ మెట్లెక్కవలసి వచ్చింది. పెద్దవారితో వెళ్లేవారు ఈ సంగతిని లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. నాలుగు వందలకు పైగా ఉన్న వంతెనల్లో చాలావాటికి మెట్లే ఉంటాయి కాబట్టి, బరువైన పెట్టెలు పాదువాలో వదిలి చిన్న సంచులతో వెళ్లడం మాకు మేలు చేసింది.

ఆ మూడు రోజుల్లో నేను గ్రహించింది ఏమిటంటే, వెనిస్ రద్దీ ఊరంతటికీ చెందినది కాదు, కొన్ని గంటలకూ కొన్ని దారులకూ చెందినది. రైల్వే స్టేషన్, రియాల్తో, సాన్ మార్కో, వీటిని కలిపే దారి ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకూ నవంబరులో కూడా కిటకిటలాడుతుంది. ఆ దారి నుంచి రెండు వంతెనలు పక్కకు వెళ్తే, పాఠశాల నుంచి పిల్లల్ని తీసుకువస్తున్న తాతలూ, పడవలో కూరగాయలు దించుకుంటున్న దుకాణదారులూ కనిపిస్తారు. ఉదయం ఏడు గంటలకు మేము సాన్ మార్కో చౌకులో ఉన్నప్పుడు అక్కడ ఊడ్చేవాళ్లూ, పనికి వెళ్లేవాళ్లూ తప్ప ఎవరూ లేరు. రెండేళ్ల క్రితం నేను తలలు తప్ప ఏమీ చూడని చోట, ఈసారి బసిలికా గోపురాల మీద వెలుగు నెమ్మదిగా పాకడాన్ని అమ్మ బల్లమీద కూర్చుని చూసింది. మధ్యాహ్నం వేళల్ని మేము తొర్చెల్లో దీవికీ, తింతొరెత్తో చిత్రాలతో నిండిన సాన్ రొక్కో భవనానికీ కేటాయించాము. సాన్ మార్కో గంటల గోపురం దగ్గర వరుసలో నిలబడకుండా, ఎదుటి దీవిలోని సాన్ జోర్జో మజ్జోరె గోపురాన్ని ఎక్కాము. దానికీ లిఫ్టు ఉంది, పైగా అక్కడి నుంచి సాన్ మార్కో కూడా కనిపిస్తుంది.

వాపొరెత్తో అనే ప్రజా రవాణా పడవకు ఒక్కసారి టిక్కెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. మూడు రోజుల పాసు 45 యూరోలు కావడంతో మేము అదే కొన్నాము, అమ్మ నడక సగం తగ్గింది. రాత్రి ఎనిమిది తరువాత ఒకటో నంబరు పడవలో ఊరి ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా ప్రయాణించడం ఆ పాసులో అన్నిటికన్నా విలువైన భాగం. తెడ్డుతో నడిపే గొండోలా పడవకు పగటిపూట అరగంటకు 90 యూరోలు అధికారిక ధర. అది ఎక్కకుండా, కాలువను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే త్రగెత్తోకు మనిషికి 2 యూరోలిచ్చి రియాల్తో బజారుకు వెళ్లాము. శాకాహారులకు ఒక హెచ్చరిక: బిగొలి ఇన్ సాల్సా అనే పేరులో చేప కనిపించదు గానీ, ఆ వంటకం చేపతోనే చేస్తారు. అమ్మకు ప్రతి హోటల్లోనూ రీసో ఇన్ బియాంకో, అంటే ఉత్త అన్నం, అడిగి తెప్పించి, వెంట తెచ్చుకున్న కందిపొడితో పెట్టాము, ఎవరూ కాదనలేదు.

మా ప్రయాణంలో నవంబరు 21 కలిసి రావడం మాత్రం అదృష్టం. 1630లో వచ్చిన ప్లేగు వేలమందిని బలి తీసుకుంటున్నప్పుడు, ఆపద తొలగితే మేరీమాతకు గుడి కట్టిస్తామని వెనిస్ పాలకులు మొక్కుకున్నారు. ఆ మొక్కు తీర్చుకోవడానికి కట్టినదే గ్రాండ్ కెనాల్ ముఖద్వారంలోని సలూతె చర్చి. ఏటా ఆ రోజున కాలువకు అడ్డంగా తాత్కాలిక వంతెన వేస్తారు, ఊరివాళ్లు దాని మీదుగా నడిచి వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆనాడూ అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనమే. కానీ ముసలివాళ్లను చేయిపట్టి నడిపిస్తున్న కొడుకులూ, మిఠాయి అంగళ్ల దగ్గర మారాం చేస్తున్న పిల్లలూ ఉన్న ఆ గుంపు మన తిరునాళ్ల గుంపులాంటిది. అమ్మ కూడా ఒక కొవ్వొత్తి కొని వెలిగించమని ఇచ్చింది. చివరి సాయంత్రం రియాల్తో దగ్గర కోర్తె దెల్ మిలియోన్ అనే చిన్న వాకిలికి వెళ్లాము. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ పరిసరాల్లోనే ఉండేది. ఆయన ముత్ఫిలి అని రాసిన రేవు మన మోటుపల్లేననీ, ఆయన పొగిడిన రాణి రుద్రమదేవేననీ చరిత్రకారులు భావిస్తారు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్నది కాబట్టి, అన్నయ్య పిల్లలకు ఆ వాకిలిని తప్పక చూపించమని చెప్పాను.

మే నెలలో కాక నవంబరులోనో, జనవరి రెండో సగంలోనో వెళ్లగలిగితే అదే మేలు. నవంబరులో అప్పుడప్పుడు పోటు నీరు సాన్ మార్కోను ముంచుతుంది. 110 సెంటీమీటర్ల పోటు వస్తుందని అంచనా ఉంటే పోటు నీటిని అడ్డుకోవడానికి 2020 నుంచి పనిచేస్తున్న మోసె అనే గేట్లను లేపుతారు కాబట్టి మునుపటంత భయం లేదు. అన్నయ్యకు మే తప్ప వీలు లేదు. అందుకని, రోమ్‌లో ఒక రాత్రి తగ్గించుకుని, వారం మధ్యలో రెండు రాత్రులు దీవి మీదే ఉండమనీ, అది కుదరకపోతే వెనిస్‌ను ఈసారికి వదిలి ఆ రోజు చిత్రకారుడు జొత్తో కుడ్యచిత్రాలున్న పాదువాలో గడపమనీ రాశాను. నిన్న ఆయన ఫోన్ చేసి, కన్నరేజియోలో లిఫ్టు ఉన్న గది దొరికిందనీ, మంగళ, బుధవారాల రాత్రులకు తీసుకున్నామనీ చెప్పారు.