గొంతులో సెగవ్యాధి: కల్చర్ మేలా, నాట్ మేలా?

సెగవ్యాధి (గనోరియా) అనగానే మూత్రంలో మంట, చీము గుర్తొస్తాయి. నోటితో జరిపే సంభోగం వల్ల ఆ వ్యాధి తెచ్చే గనోకాకస్ క్రిమే గొంతులోనూ చేరుతుంది. చేరి, చాలామందిలో ఏ బాధా పెట్టకుండా కూర్చుంటుంది. కొందరికి గొంతు నొప్పి, మెడ దగ్గర బిళ్లలు కట్టడం ఉంటాయి. టాన్సిల్స్ అనుకుని మందుల షాపులో ఏదో యాంటీబయాటిక్ కొని మింగేస్తారు. టార్చి వేసి చూసి చెప్పగలిగేది కాదు, స్వాబ్ తీయాల్సిందే. తీసి ఏ పరీక్షకు పంపాలి?

నమూనాకు రంగు వేసి మైక్రోస్కోపులో చూసే గ్రామ్ స్టెయిన్‌ను ముందే పక్కన పెడదాం. గొంతులో గనోకాకస్ లాగే నైసీరియా కుటుంబానికి చెందిన అమాయకపు బ్యాక్టీరియా బోలెడు కాపురముంటాయి, మైక్రోస్కోపు కింద ఎవరు ఎవరో తేలదు.

పట్టుకోవడంలో నాట్‌దే పైచేయి. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష (NAAT) ఇది, కొవిడ్‌కు చేసిన ఆర్‌టీపీసీఆర్ తరహా. క్రిమి దారిలో చచ్చినా జన్యుపదార్థం దొరికితే చాలు. కల్చర్ అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటం, దానికి బతికున్న క్రిమి కావాలి. గనోకాకస్ మహా సుకుమారం: ఆరిపోతే చస్తుంది, కార్బన్ డయాక్సైడ్ చాలకపోతే పెరగదు. కాకపోతే నాట్ కిట్లలో కొన్ని పొరుగు నైసీరియాలను చూసి కూడా పాజిటివ్ అంటాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గొంతు నమూనాలకు రెండు కిట్లను అనుమతించింది 2019లో. అందుకే, మీ కిట్ గొంతుకు పనికొస్తుందా అని ల్యాబ్‌ను అడగడం తప్పేం కాదు.

మరి కల్చర్ ఎందుకంటారా? 2009లో జపాన్‌లోని క్యోటోలో ఒక సెక్స్ వర్కర్ గొంతు నుంచి తీసిన క్రిమి, సెగవ్యాధికి ఇచ్చే ముఖ్యమైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ సెఫ్ట్రియాక్సోన్‌కు గట్టిగా ఎదురు నిలిచింది. ఆ సంగతి కల్చర్‌లో పెరిగింది కాబట్టే తెలిసింది. మామూలు నాట్ అయితే ‘పాజిటివ్’ అని ఊరుకునేది. 2018లో బ్రిటన్‌లోనూ అలాంటి కేసే. ఆ ఇంజెక్షన్ ఇచ్చాక కూడా క్రిమి గొంతులో మిగిలిపోతే, చివరికి ఎర్టాపెనెమ్ అనే మరో యాంటీబయాటిక్ ఎక్కించాల్సి వచ్చింది.

నా ఓటు: మొదట నాట్. గొంతుకు మందు సరిగా అందదు కనుక, చికిత్స అయిన 7 నుంచి 14 రోజుల్లో మళ్లీ పరీక్ష. తొందరపడి ముందే చేస్తే చచ్చిన క్రిమి ఆనవాళ్లకు కూడా నాట్ పాజిటివ్ అంటుంది. అప్పటికీ పాజిటివ్ వస్తే కల్చర్ తప్పదు.

టాన్సిల్ మీద నొప్పిలేని పుండు, మెడలో గట్టిగా, నొప్పి లేకుండా బిళ్లలు ఉంటే మాత్రం ఈ రెండూ చాలవు. అది సంభోగం వల్లే అంటుకునే మరో వ్యాధి, సిఫిలిస్ కావచ్చు. మన దగ్గర మెడ బిళ్ల అంటే ముందు టీబీ అనుకుంటారు, అది సబబే. దాంతో పాటు సిఫిలిస్‌ను పట్టే వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ రక్త పరీక్షలూ రాయించుకోవాలి. పుండు వేసిన కొత్తలో వీడీఆర్‌ఎల్ నెగటివ్ రావచ్చు, కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి.