ఎం.ఎస్సీ.లో కొన్న 8×42 బైనాక్యులర్: ఏళ్ల తరబడి ఫీల్డ్ కోర్సుల్లో వాడాక

జువాలజీ ఎం.ఎస్సీ.లో చేరిన ఏడాది కొన్న 8×42 బైనాక్యులర్ ఇంకా నా మెడలోనే ఉంది. ఇప్పుడు విజయవాడలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతూ, వాళ్లను ఫీల్డ్‌కి తీసుకెళ్లేటప్పుడు కూడా అదే వాడుతున్నాను. ఉప్పలపాడు చెరువు, కొండపల్లి అడవి, కొల్లేట్లో ఆటపాక, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవులు, అన్నీ దీనితోనే చూశాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ కొలతలో మంచివి నాలుగైదు కంపెనీలవి దొరుకుతాయి. ఫీల్డ్ పని నేర్చుకునే విద్యార్థికి కంపెనీ కన్నా ముందు కొలత తెలియాలి.

మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. 8×42కి అది 5.25 మిల్లీమీటర్లు, 10×42కి 4.2. రోడ్డు పక్కన అమ్మే 20×50కి 2.5 మాత్రమే. తెల్లవారుజామున, చెట్ల నీడలో కనుపాప బాగా విప్పారుతుంది, దానికి సరిపడా వెలుగు అందకపోతే పిట్ట నల్లటి మచ్చలా కనిపిస్తుంది. కొండపల్లిలో తెల్లపొణికి చెట్ల కింద పొద్దున్నే నిలబడితే ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది. పది రెట్లదాన్ని కాసేపు పట్టుకోవచ్చు. ఒకే గూడును అరగంట చూడాలంటే మాత్రం ఎనిమిదే నయం.

ఆ అరగంట కోసమే బైనాక్యులర్ అని నా నమ్మకం. పిట్ట పేరు చెప్పేసి తర్వాతిదానికి వెళ్లిపోతే సగం పాఠమే వచ్చినట్టు. పేరు ఇప్పుడు ఫోన్ కూడా చెబుతుంది. ఆ పిట్ట ఏం చేస్తోంది, ఎంతసేపు చేస్తోంది, ఎందుకు మానేసింది అన్నది మాత్రం కళ్లు పెట్టి చూసినవాళ్లకే తెలుస్తుంది.

గుంటూరు దగ్గర పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు ఇందుకు చాలా మంచి చోటు. చెరువు చిన్నది, ఊరిని ఆనుకునే ఉంటుంది, గూళ్లు దగ్గరగా కనిపిస్తాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఒకే చెట్టును పంచుకుంటాయి. కళ్లతో చూస్తే అంతా తెల్లగా, గోలగా ఉంటుంది. ఎనిమిది రెట్లతో చూస్తే గూడబాతు పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలో దూర్చి చేపను లాక్కోవడం కనిపిస్తుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగలడం కనిపిస్తుంది. ఈ రెండూ పుస్తకంలో బొమ్మలుగా చూసిన పిల్లలు అక్కడ చూసినప్పుడు ఒక్కసారిగా మాట్లాడ్డం ఆపేస్తారు.

మేము అనుసరించే పద్ధతి పాతదే. జీన్ ఆల్ట్‌మన్ 1974లో జంతువుల ప్రవర్తనను ఎలా నమోదు చెయ్యాలో చెబుతూ ఒక పరిశోధనా వ్యాసం రాశారు, ఇప్పటికీ ఫీల్డ్ కోర్సుల్లో అదే పునాది. ఒకే ప్రాణిని ఎంచుకుని, పెట్టుకున్న సమయం పూర్తయ్యేదాకా అది చేసే ప్రతి పనీ రాయడం ఒక దారి. లేదా ఐదు నిమిషాలకోసారి గుంపంతటినీ ఒకసారి చూసి, ఆ క్షణంలో ఎవరేం చేస్తున్నారో రాయడం. కంటికి నచ్చిందే చూసి రాసుకుంటే కొట్లాటలూ ఎగురుళ్లే పుస్తకంలోకి ఎక్కుతాయి, ఊరికే నిలబడే గంటలన్నీ జారిపోతాయి.

ఇద్దరికి ఒక బైనాక్యులర్ ఇస్తాను. ఒకరు చూస్తూ పైకి చెప్పాలి, ఇంకొకరు టైముతో సహా రాయాలి. డబ్బు కలిసొస్తుందని మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు చేతినిండా బైనాక్యులర్లున్నా ఇలాగే చేయిస్తాను. "రెక్కలు విప్పింది" అని ఒకమ్మాయి అంటే, రాసే అమ్మాయి "రెండూనా, ఒకటేనా? వీపు ఎటు ఉంది? సరిగ్గా చెప్పవే" అంటుంది. అసలు చదువు ఆ ప్రశ్న దగ్గరే జరుగుతుంది. ఐదుగురికీ ఆరుగురికీ ఒకటి ఇస్తే మాత్రం అది వంతుల ఆటైపోతుంది. డిపార్ట్‌మెంటు బీరువాలో తాళం వేసి, తనిఖీ వచ్చినప్పుడే బయటికి తీసే బైనాక్యులర్లను చూశాను. వాటిని చూస్తే నిజంగా బాధేస్తుంది. అద్దాలు వాడితే పాడవుతాయేమో గానీ వాడకపోతే బూజు పట్టి తప్పకుండా పాడవుతాయి.

వీపు సంగతి ఊరికే చెప్పలేదు. ఎండ ముదిరాక ఎర్రకాళ్ల కొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు విప్పి, పిల్లల మీద నీడ పడేలా నిలబడుతుంది. పొద్దు జరిగేకొద్దీ తనూ తిరుగుతుంది. ఆ విషయం నేను ముందు చెప్పలేదు. పిల్లలే వాళ్ల రాతల్లో వీపు ఎటుందో వరసగా చూసి కనిపెట్టారు. 1963లో ఏర్పడి, కోస్టారికాలో ఉష్ణమండల జీవశాస్త్ర కోర్సులు నడుపుతున్న ఆర్గనైజేషన్ ఫర్ ట్రాపికల్ స్టడీస్ వాళ్ల పద్ధతీ ఇలాంటిదే. అడవిలో నిలబడి ప్రశ్న వేసుకోవాలి, అక్కడే లెక్కలు తియ్యాలి, వెంటనే అందరి ముందూ చెప్పి నిలబెట్టుకోవాలి. అక్కడి అడవిలో వాళ్లకున్న లా సెల్వాలాంటి పరిశోధనా కేంద్రం మనకు లేకపోయినా ఉప్పలపాడు చెరువు పక్కన వేపచెట్టు నీడ చాలు.

కొనేటప్పుడు చాలామంది పట్టించుకోనిది, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది, దగ్గరి ఫోకస్. నాది రెండు మీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూపిస్తుంది. నాగాయలంక వైపు మడ అడవుల బురదలో ఫిడ్లర్ పీతలుంటాయి. మగదానికి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది. దగ్గరికి అడుగేస్తే చాలు, అన్నీ బొరియల్లోకి మాయం. కదలకుండా కూర్చుంటే కాసేపటికి ఒక్కొక్కటే పైకొస్తాయి. అప్పుడు బైనాక్యులర్‌తో చూస్తే మగది పెద్ద డెక్క ఊపుతూ ఉండటం, చిన్న డెక్కతో మాత్రమే బురద తీసి తినడం తెలుస్తుంది. ఆడది రెండు డెక్కలతోనూ తింటుంది. మరి మగది ఒంటి డెక్కతో కడుపు నింపుకోవడానికి ఎక్కువసేపు మేయాలా? ఒక అబ్బాయి అడిగాడు, ఆ పూటంతా మా పని అదే. పడవ మీద ఊగుతూ చూడాల్సి వచ్చినప్పుడు కూడా ఎనిమిది రెట్లే ఆదుకుంది.

ఇక ఇబ్బందులు. బరువు ముప్పావు కిలోకి దగ్గర. దానితోపాటు వచ్చిన సన్నటి మెడపట్టీ మధ్యాహ్నానికి మెడ కోసేస్తుంది, భుజాల మీదుగా వచ్చే పట్టీ వేరే కొనుక్కోండి. కళ్ల దగ్గరి రబ్బరు మన ఎండలకు జిగురు జిగురుగా తయారైంది, మార్పించాను. కుడి కంటికి వేరుగా సరిచేసుకునే రింగు వదులైంది, చేతులు మారినప్పుడల్లా మళ్లీ సరిచేసుకోవాల్సిందే. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐ రిలీఫ్, అంటే దృశ్యం మొత్తం కనబడుతూనే కంటిని వెనక అద్దానికి ఎంత దూరంలో ఉంచుకోవచ్చో ఆ కొలత, కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూడాలి. అయితే ఏ బైనాక్యులర్‌కీ లొంగనిది ఒకటుంది. పది దాటాక నీళ్ల మీద లేచే ఎండ సెగకు గూళ్లన్నీ అలలు అలలుగా కదులుతాయి. రెంటచింతల ఎండలు మనకు కొత్త కాదుగా. తొలి బస్సుకే బయల్దేరాలి.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. లోపల నైట్రోజన్ నింపి, నీరు చొరకుండా మూసినదే తీసుకోండి, నాదాన్లో ఇంతవరకు బూజు రాలేదు. ఇంట్లో తోలు సంచిలో పెట్టను. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతాను. అద్దం మీద దుమ్ముంటే ముందు ఊదాలి, తర్వాతే మెత్తటి లెన్స్ గుడ్డ. చున్నీతో తుడిస్తే పైపూత గీసుకుపోతుంది. సముద్రం దగ్గర్నుంచి వచ్చిన రోజు తడిగుడ్డతో బైనాక్యులర్ ఒంటి మీది ఉప్పు తుడవడం మరవొద్దు.

మళ్లీ కొనాల్సి వచ్చినా 8×42నే కొంటాను. అద్దాలు ఎర్రగా మెరిసేవి వద్దు, ఆ పూత ఎరుపు వెలుగును వెనక్కి తిప్పేస్తుంది, కొంగ కాళ్లకు అసలు రంగు కనబడదు. షాపులో గోడకేసి చూసి తృప్తిపడకండి, బయటికి తెచ్చి చూడండి. దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద చూపు పెట్టండి: రెండు గీతలుగా కనిపిస్తే లోపలి అద్దాలు పక్కకు జరిగినట్టే, అలాంటిది గంట వాడితే తలనొప్పి వస్తుంది. ఆకాశం ముందున్న తీగకు ఊదారంగు అంచు ఎంత దట్టంగా ఉందో చూడండి. తర్వాత రోడ్డు అవతలి బోర్డు చదవండి, అక్షరాలు అంచుల్లో కూడా చాలావరకు నిలబడితే బిల్లు వేయించుకోవచ్చు.