రిటైరయ్యాక సేవ: కొండ మీద వారం మేలా, బడిలో రెండు గంటలా?

వచ్చే నెల రిటైరవుతున్న మా బ్యాంకు కొలీగ్ ఒకాయన మొన్న ఫోన్ చేసి, "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందేమో గురూ, ఏదైనా సేవ చేద్దామనుంది, నువ్వు నాలుగేళ్ళుగా తిరుగుతున్నావుగా, ఏది బాగుంటుంది?" అనడిగాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను చేసి చూసినవి మూడు, చేద్దామన్నా కుదరనిది ఒకటి. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ పదవి ఈ లెక్కలోకి రాదు, అది సేవ కాదు, బీపీ.

మనవాళ్ళలో ఎక్కువమందికి ముందు తట్టేది తిరుమల శ్రీవారి సేవ. 2000లో మొదలైంది, ఆన్‌లైన్లో స్లాటు బుక్ చేసుకుని వారం రోజులు ఉండాలి, బస వాళ్ళదే. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి వెళ్ళాలనుకుంటే రిటైరైన కొత్తలోనే చూసుకోవడం మంచిది. ఏ డ్యూటీ పడుతుందన్నది మన చేతిలో లేదు. నాకు మొదటిసారి వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూరగాయలు తరిగే పని పడింది. ముప్ఫై మూడేళ్ళు లోన్ ఫైళ్ళ మీద సంతకాలు పెట్టిన చేత్తో గుమ్మడికాయ ముక్కలు కోస్తుంటే పక్కనున్నామె, "కొంచెం చిన్నగా కొయ్యండి గోవిందా" అంది. అక్కడ అందరి పేరూ గోవిందే. నువ్వు మేనేజరువా, మెసెంజరువా ఎవరికీ అక్కర్లేదు. రిటైరైన కొత్తలో మనకి కావాల్సిన మందు అదేనని నాకనిపించింది, ఎందుకంటే పోయిన కుర్చీని వదిలించుకోవడమే కష్టం. రెండోసారి క్యూ కాంప్లెక్సులో మంచినీళ్ళూ పాలూ ఇచ్చాను, మోకాళ్ళు పట్టేశాయి. ఆ వారం మనసు తేలిగ్గా ఉంటుంది, చివర్లో దర్శనం అవుతుంది, తృప్తిగా కొండ దిగుతాం. దిగాక ఏడాదిలో ఇంకా యాభైఒక్క వారాలు మిగులుతాయి.

స్క్రైబు సంగతి రెండు ముక్కల్లో చెప్తా. చూపులేని పిల్లల తరఫున పరీక్ష రాద్దామని ఉత్సాహపడ్డాను. తీరా చూస్తే అప్పట్లో నడిచిన 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబు చదువు అతని చదువు కంటే ఒక మెట్టు కిందే ఉండాల్సి వచ్చేది. న్యాయమే. కానీ నా బీకాం జీవితంలో మొదటిసారి అడ్డొచ్చింది, పీజీ పిల్లలెవరైనా దొరికితే తప్ప నేను పనికిరాకపోయాను. ఆ పిల్లలకి పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి ఇవ్వడానికి మాత్రం ఏ డిగ్రీ అడ్డం రాదు, గొంతు బాగుంటే చాలు.

ఇక బడి. మా ఇంటి దగ్గర ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మాస్టరమ్మని అడిగి, వారానికి రెండు రోజులు, రోజుకి రెండేసి గంటలు వెళ్తున్నా. మొదటి రోజు పొదుపు గురించి ముప్పావు గంట లెక్చరు దంచాను. ఇద్దరు నిద్రపోయారు. ఆవిడ మర్యాదగానే, "సార్, జ్ఞానం తర్వాత చెబుదురుగాని, ఈ ఆరుగురికి గుణింతాలు రావు, వీళ్ళని చూడండి" అన్నారు. ఆ ఆరుగురిలో ఒక నాలుగో తరగతి వాడు పాఠం గడగడా చదివేస్తున్నాడు, వీడికేం తక్కువ అనుకుంటూ వాడి వేలు చూశాను కదా, నోరు ఒక లైన్లో ఉంటే వేలు రెండు లైన్ల కిందుంది. మొత్తం బట్టీ! పుస్తకం మూసి, అదే పాఠంలోని మాట పలక మీద రాస్తే నా మొహం చూశాడు, ఆ తర్వాత పైకప్పు చూశాడు. జులైలో మొదలుపెడితే దసరా సెలవులు దాటాక ఒకరోజు వాడే గోడ మీద భోజనం మెనూ కూడబలుక్కుని చదివి, "సారూ, ఇయ్యాల గుడ్డు" అని అరిచాడు.

ఇందులో ఇబ్బంది కూడా చెప్పాలి. మధ్యలో మా అమ్మాయి పురుడని రెండు వారాలు మానేశాను, ఆ సంగతి వాళ్ళకి చెప్పకుండా. తిరిగి వెళ్తే వాడు పలక తియ్యలేదు. "రానన్నారనుకున్నా" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నెమ్మదిగా దారికి తెచ్చుకోవడానికి వారం పైనే పట్టింది. కాబట్టి ఏడాదిలో ఆర్నెల్లు అమెరికాలో పిల్లల దగ్గర ఉండేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే నయం.

అలాంటివాళ్ళకి తెలుగు వికీసోర్స్, అంటే పాత పుస్తకాల్ని ఇంటర్నెట్లో అందరికీ ఉచితంగా ఉంచే గ్రంథాలయం, చక్కగా సరిపోతుంది, డాలస్‌లో ఉన్నా నడుస్తుంది. రచయిత పోయి అరవై ఏళ్ళు దాటి, కాపీరైటు తీరిన పాత పుస్తకాల స్కాను ఒకవైపు, యంత్రం చదివిన అక్షరాలు ఇంకోవైపు కనిపిస్తాయి. యంత్రం 'పని'ని 'వని' అంటుంది, మనం దిద్దాలి. అలాగని అరసున్నలూ బండి 'ఱ'లూ తీసేస్తే ఊరుకోరు, ఆయన ఎలా రాస్తే అలాగే ఉంచాలి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగు అవుతుంది, ఇంకొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ, మనది మనమే ఆకుపచ్చ చేసుకోలేం. బ్యాంకులో మేకర్, చెకర్ పద్ధతి అలవాటైన మాబోటివాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. రాత్రి నిద్ర పట్టకపోతే నేను రెండు పేజీలు దిద్దుతా. ఒకటే లోటు, పది రోజులు రాకపోయినా ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు ఉండరు. పేజీలు అలుగుతాయా?

నా మటుకు నాకు బడే మేలు, ఆ అలిగిన పిల్లాడి మూలంగానే. కానీ మా కొలీగుకి ఇంకా ఏజీఎం హోదా ఒంటిమీంచి దిగలేదు, ఇప్పుడే బడికి పంపితే నాలాగే లెక్చరు ఇస్తాడు. అందుకని ముందు కొండకి వెళ్ళి ఓ వారం గుమ్మడికాయలు తరిగి రమ్మన్నాను, జూన్‌లో బడి తెరిచాక హెడ్‌మాస్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తా.