నీళ్ళు కలపక్కర్లేని కూలెంట్: పెన్నా ఇసుకలో వాడి చూశాక

ఇంజిన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ఈ కూలెంట్‌లో నాకు నచ్చింది ఒక్కటే. నీళ్ళు కలిపే పని లేదు. మూత తీసి నేరుగా పోసుకోవడమే. డబ్బా మీద రాసిన రేసింగ్ కబుర్లు, రంగు, వాసన నేను పట్టించుకోను. అనంతపురంలో బోరు నీళ్ళతో కాపురం చేసేవాళ్ళకు ఇందులో ఉన్న సుఖం వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో గీజర్ కాయిల్ బయటికి తీస్తే తెల్లటి పెచ్చు చాకుతో గీకాల్సిందే. అవే నీళ్ళు రేడియేటర్‌లోని సన్న గొట్టాల్లో, నీళ్ళ పంపులో రోజూ కాగుతుంటే ఏమవుతుందో నా బండి చూపించింది.

బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 250 సీసీ ఫోర్ స్ట్రోక్ మోటోక్రాస్, అంటే మట్టి రేసుల బండి. రోడ్డు మీద నడపడానికి లేదు. టాటా ఏస్‌లో ఎక్కించుకుని తాడిపత్రి దాటాక పెన్నా ఇసుకలోకి, లేదంటే గుత్తి వైపు రాళ్ళ వంకల్లోకి తీసుకెళ్తాను. ఇలాంటి బండ్లకు మామూలుగా ఫ్యాన్ ఉండదు. గాలి తగిలితేనే రేడియేటర్ చల్లబడుతుంది. ఇసుకలో స్పీడ్ రాదు, ఇంజిన్ మాత్రం ఒళ్ళు దాచుకోకుండా కష్టపడాలి. దాని పైన మన ఎండ.

ఆ రోజు ఏప్రిల్ నెల, పొద్దున్నే. సెకండ్ గేర్‌లో క్లచ్ సగం పట్టుకుని ఇసుక దిబ్బ ఎక్కిస్తుంటే ఓవర్‌ఫ్లో పైపు నుంచి బుస్సుమని ఆవిరి వచ్చింది. ఆపేశాను. తియ్యటి వాసన, కింద ఇసుకలో పచ్చటి మరక. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది కాబట్టి నీడ చూసుకుని కూర్చున్నాను. చల్లారాక చూస్తే రేడియేటర్ మెడ దగ్గర కూలెంట్ కనిపించలేదు. మూత అడుగున తెల్లటి పొర మాత్రం వేలికి గరగరా తగిలింది. ఇంక స్టార్ట్ చేయకుండా ఏస్‌లో ఎక్కించాను.

మా మెకానిక్ పెద్దాయన రేడియేటర్ వైపు చూడనే లేదు. వంగి ఆయిల్ అద్దం తుడిచాడు. “ఏమబ్బీ, ఆయిల్ చూసినావా? పాలెక్కువైన టీ మాదిరుంది” అన్నాడు. కూలెంట్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసిపోయింది. పంపు కవర్ విప్పితే కూలెంట్‌ను తోసే ఇంపెల్లర్ రెక్కల మీద కూడా అదే తెలుపు. పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. సీల్ పోతే కూలెంట్ అక్కడి నుంచి చుక్కలుగా కారి, సంగతి మనకు ముందే తెలియాలి. ఆ రంధ్రంలో ఎర్రమట్టి గట్టిపడి కూర్చుంది. ఆయన సన్న తీగతో పొడిస్తే మట్టి గుళిక ఊడి పడింది, వెనకే నాలుగు చుక్కలు. ఉప్పు పెచ్చు రాపిడికి ఒక సీల్ అరిగింది, బయటికి దారి మూసుకుపోయింది, పక్కనున్న ఆయిల్ సీల్ కూడా లొంగేసరికి కూలెంట్ లోపలికి నడిచింది. పాత ఓనర్ కాన్సంట్రేట్, అంటే నీళ్ళు కలుపుకోవాల్సిన చిక్కటి కూలెంట్ కొని కుళాయి నీళ్ళు కలిపి పోశాడని అడిగితే తెలిసింది. కూలెంట్ మంచిదేనట, ఖరీదైనదేనట! రెండు సీళ్ళు, బేరింగ్, రేడియేటర్ ఫ్లష్ చేయడం, కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి మళ్ళీ మార్చడం, అంతా కలిపి బిల్లు చూస్తే నెల తిరక్కుండానే బండి రెండోసారి కొన్నట్టయింది.

తర్వాత కూలెంట్ కోసం కొట్లు తిరిగాను. ఒకాయన పచ్చది పోశావు కాబట్టి పచ్చదే పొయ్యమన్నాడు. రంగుకు ఏ రూలూ లేదు, కంపెనీ ఇష్టం. ఇంకొకాయన కాన్సంట్రేట్ చిక్కగా కలుపుకుంటే ఎండకు బాగా ఆగుతుందన్నాడు. వేడిని మోయడంలో నీళ్ళను మించింది లేదు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఎక్కువయ్యే కొద్దీ ఆ మోత తగ్గుతుంది. గడ్డకట్టే చలి అనంతపురంలో ఎక్కడుంది? మనకు గ్లైకాల్ కావాల్సింది మరుగు డిగ్రీ పెరగడానికి. తుప్పు పట్టకుండా చూసే మందులు దాంతో పాటు వస్తాయి. నీళ్ళూ గ్లైకాలూ సగం సగం కలిపితే 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1.1 బార్ ఒత్తిడిని ఆపే రేడియేటర్ మూత గట్టిగా పట్టి ఉంచితే అది దాదాపు 130 దాకా పోతుంది.

చివరికి డబ్బా వెనక రెండు మాటలు వెతికాను. ఒకటి రెడీ మిక్స్, అంటే నీళ్ళు ముందే కలిపి అమ్మేది. రెండోది సిలికేట్ అనే తుప్పు మందు లేదని. సిలికేట్ పంపు సీళ్ళను అరగదీస్తుందని జపాన్ బండ్లవాళ్ళు దూరం పెడతారు, నాదీ జపాన్ బండే. బెంగళూరులో తెలిసినవాళ్ళు నీళ్ళే ఉండని వాటర్‌లెస్ కూలెంట్ వాడమన్నారు. అది 180 డిగ్రీలు దాటినా మరగదు, నిజమే. మరగకపోయినంత మాత్రాన ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కాదు కదా. పైగా పోసేముందు లోపలున్న తడంతా పోవాలి. ఆ తతంగం నాకెందుకని వదిలేశాను.

రెండు మూడు వేసవులు గడిచాయి. మొన్న మార్చడానికి పాత కూలెంట్ దించితే పోసినప్పటి రంగులోనే, తేటగా వచ్చింది. టార్చ్ వేసి రేడియేటర్ మెడలోకి చూస్తే అల్యూమినియం మెరుస్తోంది, తెల్ల పొర జాడే లేదు. పంపు రంధ్రం పొడిగా ఉంది. నిజం చెప్పాలంటే బండి కొన్నరోజు కన్నా ఆ రోజే ఎక్కువ సంతోషపడ్డాను.

అయితే ఆ రిపేరప్పుడు కూలెంట్ ఒక్కటే మారలేదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా పగిలి ఉంటే పెద్దాయన కొత్త మూత వేశాడు. మూత పట్టు వదిలితే ఎంత మంచి కూలెంటైనా తొందరగా మరిగిపోతుంది. కాబట్టి ఆవిరి తగ్గిన పేరు కూలెంట్‌కు ఎంత ఇవ్వాలో, మూతకు ఎంత ఇవ్వాలో చెప్పలేను. ఆవిరి పూర్తిగా ఆగిందీ లేదు. మే నెలలో తొమ్మిది దాటాక ఇసుకలో మొండికేస్తే ఇప్పటికీ పైపు బుస్సుమంటుంది. పెచ్చు కట్టకపోవడం వరకైతే ఆ పేరు రెడీ మిక్స్‌దే.

లీటరు ఐదు వందల దగ్గర పడుతుంది. ఊళ్ళో అన్ని కొట్లలో దొరకదు. అందుకే ఒక డబ్బా ఎక్కువ తెప్పించి ఏస్‌లో పడేసుకుంటాను. అది కూడా అయిపోతే పెట్రోల్ బంకు పక్కన అమ్మే బ్యాటరీ వాటర్ కొద్దిగా పోసి ఇల్లు చేరొచ్చు. బోరు నీళ్ళు మాత్రం ఒక్క గ్లాసు కూడా వద్దు. ఇందులో ఉన్నది ఎథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చచ్చిపోతాయి. వీధి కుక్కపిల్లలు మా కొట్టంలోనే పడుకుంటాయి కాబట్టి దించిన పాతదంతా క్యాన్‌లో పోసి మూత బిగిస్తాను.

ఫ్యాన్ లేని బండి, ఉప్పు నీళ్ళ ఊరు, ఇసుక పిచ్చి. ఈ మూడూ ఉన్న నాలాంటివాళ్ళు దీన్ని కళ్ళు మూసుకుని కొనొచ్చు. మా బావమరిది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో షోరూమ్ వాళ్ళు పోసిందే ఉంది. దానికి ఫ్యాన్ ఉంది, వారంటీ ఉంది, ఆయన కడప, కర్నూలు హైవేలు దాటి పోడు కూడా. మార్చుకోమని ఆయనకైతే నేను చెప్పను.